మిలిటరీ ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టే ముందు: జవాన్లు, ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

"అన్నా, యూనిఫాంలో దిగిన ఫొటో స్టేటస్ పెట్టుకోవచ్చా?" "మా ఆయన పోస్టు దగ్గర తీసిన వీడియోతో రీల్ చేస్తే ఏమన్నా అవుతుందా?" "ఫేస్‌బుక్ ఉంచుకోవచ్చా, తీసెయ్యాలా?" ఫౌజులో పనిచేసి వచ్చినవాణ్ణని తెలిసినవాళ్లంతా నన్ను ఈ మూడే అడుగుతున్నారు. కొత్తగా అగ్నివీర్‌కి ఎంపికైన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అయితే మరీను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు వరసగా రాస్తున్నాను.

సైనికుడి జీవితం జనానికి తెలియాలనే నేను కోరుకుంటాను. ఆ కష్టం, ఆ క్రమశిక్షణ చూసే కదా పల్లెల్లో పిల్లలు తెల్లారకముందే లేచి పరుగు తీస్తున్నారు. కాకపోతే ఎక్కడున్నాం, ఎప్పుడున్నాం, ఏ యూనిట్ అన్న మూడు సంగతులు బయటపడకూడదు. నేను చూసినంతవరకు ఇవి పొక్కేది జవాను ఫోన్ నుంచి తక్కువ, ఇంట్లోవాళ్ల ఫోన్ల నుంచి ఎక్కువ. అందుకే ఇది ఇద్దరికీ రాస్తున్నాను.

కావలసినవి

- జవాను ఫోను, దాంతోపాటు ఇంట్లో వాడే ఫోన్లన్నీ. పిల్లల ఫోన్ కూడా.
- సోషల్ మీడియా మీద మీ యూనిట్‌లో వచ్చిన ఆఖరి ఆర్డరు.
- లీవులో ఉన్నప్పుడు తీరిగ్గా ఓ పూట.
- మీ ఫ్రెండ్స్ లిస్టులో లేని ఒక మనిషి ఫోను. ఇది చివర్లో పరీక్షకు పనికొస్తుంది.

1. ముందు రూలు కనుక్కోండి

1954 నాటి ఆర్మీ రూల్స్‌లో 21వ రూలు ప్రకారం రాజకీయ విషయాలు, సర్వీసు విషయాలు, సర్వీసు సమాచారం అనుమతి లేకుండా ఏ రూపంలోనూ ప్రచురించకూడదు, పత్రికలకు చెప్పకూడదు. ఏ రూపంలోనూ అంటే రీలు కూడా అందులోకే వస్తుందని అనుకుని నడుచుకోవడం మంచిది.

దానిమీద ఎప్పటికప్పుడు వచ్చే ఆర్డర్లు వేరు. 2020 జూలైలో ఆర్మీ 89 యాప్‌ల పేర్లు ఇచ్చి, ఫోన్లలోంచి తీసెయ్యమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూకాలర్, పబ్‌జీ అందులో ఉన్నాయి. దాన్ని సవాలు చేస్తూ ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే ఆగస్టులో కోర్టు కొట్టేసింది. నేవీ అంతకుముందే, 2019 డిసెంబరులో, స్థావరాల్లోనూ ఓడల మీదా స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ వద్దని చెప్పేసింది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటివి హోంశాఖ కింద ఉంటాయి కాబట్టి వాటి ఉత్తర్వులు మళ్లీ వేరే.

ఈ ఆర్డర్లు మారుతూ ఉంటాయి. రోల్‌కాల్‌లో చదివి వినిపించినప్పుడు అర్థం కాకపోతే మీ సీనియర్ జేసీఓని (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే సుబేదార్ లాంటివాళ్లు) అడగండి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది వినకండి, నేను ఇక్కడ రాసింది కూడా మీ యూనిట్ ఆర్డరు తర్వాతే.

అందరూ చేసే తప్పు ఇది: "పక్క యూనిట్ వాడు పెట్టాడు, వాడికేం కాలేదు" అనుకోవడం. వాడికి ఇంకా కాలేదంతే. రూలు వద్దంటే వద్దు. అప్పుడు 2, 3 స్టెప్పులు చేసుకుని, తర్వాత 7కి వెళ్లిపోండి.

2. పాతవన్నీ దులపండి

సర్వీసులో చేరకముందు తెరిచిన అకౌంట్లే అసలు తలనొప్పి. ట్రైనింగ్ రోజుల్లో సరదాగా పెట్టిన ఫొటో ఇప్పటికీ పబ్లిక్‌లో ఉంటుంది, మనం మర్చిపోయి ఉంటాం.

మొదట బయో చూడండి. యూనిట్ పేరు, ర్యాంకు, పోస్టింగ్ ఊరు, పనిచేసే చోటు ఉంటే తీసెయ్యండి. తర్వాత ఫేస్‌బుక్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో పాత పోస్టులన్నిటినీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి మాత్రమే పరిమితం చేసే ఆప్షన్ ఉంది, అది నొక్కండి. ప్రొఫైల్ లాక్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రైవేట్‌లోకి మార్చండి. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, స్టేటస్ మూడూ కాంటాక్ట్స్‌కి మాత్రమే కనపడేలా పెట్టండి. గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అన్నదాన్ని కూడా అలాగే మార్చండి. లేకపోతే మీ నంబరు దొరికిన ప్రతివాడూ ఏదో ఒక గ్రూపులో పడేస్తాడు.

ఆ తర్వాత బ్యాచ్‌మేట్లు మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటోలు. మీ పేజీ ఎంత శుభ్రంగా ఉన్నా, వాడి పేజీలో మీరు పేరుతో సహా కనపడుతుంటే లాభం లేదు. ట్యాగ్ తీసేసి, ఫొటో తొలగించమని వాడికి ఫోన్ చేసి చెప్పండి. మొహమాటపడొద్దు.

3. లొకేషన్ ఆపండి

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో అయితే ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా వరసలో వెళ్లి ఎప్పుడూ వద్దని పెట్టండి. స్నాప్‌చాట్ మ్యాప్, వాట్సాప్ లైవ్ లొకేషన్, గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ కూడా చూసుకోండి.

పరుగు కొలిచే యాప్‌లు, చేతి వాచీలు చాలామందికి గుర్తుకురావు. స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్ తన వాడకందార్లు పరుగెత్తిన దారులన్నీ కలిపి ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా పెట్టింది. 2018 జనవరిలో దాన్ని పరిశీలనగా చూసినవాళ్లకు అఫ్గానిస్తాన్, సిరియా లాంటి చోట్ల చీకటి ఎడారి మధ్యలో అమెరికా సైనికుల శిబిరాలు గీత గీసినట్టు కనపడ్డాయి. ఎవరూ ఒక్క ఫొటో పెట్టలేదు, ఒక్క మాట రాయలేదు. పొద్దున్నే శిబిరం చుట్టూ పరుగు తీశారు, అంతే. పీటీకి వెళ్లేటప్పుడు ఆ యాప్ ఆపేయండి.

ఇంకొకటి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అందులోని లొకేషన్ వివరాలు పోతాయి. క్వాలిటీ బాగుంటుందని డాక్యుమెంట్‌గా పంపితే అవి అలాగే వెళ్తాయి. ఇంటికి పంపే ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపకండి.

*సరిచూసుకోవడం:* ఇప్పుడు ఒక ఫొటో తీసి, గ్యాలరీలో దాని వివరాలు తెరవండి. మ్యాప్ గానీ ఊరి పేరు గానీ కనిపిస్తే సెట్టింగ్ ఇంకా మారలేదని.

4. ఫొటోని మూలమూలా చూడండి

ఎక్కువ టైం పెట్టాల్సిన పని ఇది. ఫొటోలో మనం మన ముఖమే చూసుకుంటాం. తెలుసుకోవాలనుకునేవాడు ముఖం తప్ప మిగతావన్నీ చూస్తాడు. ఫొటోను పెద్దది చేసి ఈ వరసలో చూడండి.

*ఒంటి మీద:* భుజం మీద ఫార్మేషన్ గుర్తు, రెజిమెంటు పేరు, నేమ్‌ప్లేటు, లాన్‌యార్డ్ (భుజానికి వేసుకునే అల్లిక తాడు) రంగు, టోపీ మీద బ్యాడ్జి. తెలిసినవాడికి ఇవి ఉంటే ఇక యూనిట్ పేరు రాయక్కర్లేదు.

*వెనకాల:* గోడ మీద బోర్డు, గేటు, వాచ్ టవర్, యాంటెన్నాలు, మ్యాపు, డ్యూటీ చార్టు, కంప్యూటర్ తెర. కొండ అంచు ఆకారం కూడా చోటును పట్టిస్తుంది. సరిహద్దు పోస్టు దగ్గర మంచు కొండ బ్యాక్‌గ్రౌండ్ ఎంత అందంగా ఉన్నా ఆ ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి.

*బండి:* మిలిటరీ వాహనాల నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది. నంబరు, బంపరు మీద గుర్తులు రెండూ కనపడకూడదు.

*ఆయుధం, సామాను:* ఏ ఆయుధమైనా, పరికరమైనా వద్దు. "ఇది అందరికీ తెలిసిన రైఫిలే కదా" అంటారు. ఆ రైఫిలుకు ఏం బిగించి ఉంది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అన్నది అందరికీ తెలియదు.

*నల్ల ట్రంకు పెట్టె:* దీన్ని పట్టించుకునేవాళ్లే లేరు. ప్రతి జవాను ట్రంకు మీదా తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. కిట్ బ్యాగు మీద కూడా. లీవులో ఇంటికొచ్చాక ఆ ట్రంకు మంచం పక్కనో బీరువా పక్కనో ఉంటుంది. పాప పుట్టినరోజు ఫొటో తీస్తారు. కేకు, బెలూన్లు, పాప, నవ్వుతున్న అమ్మమ్మ, వెనకాల నాలుగు లైన్లలో ఆయన వివరాలన్నీ. యూనిఫాం లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఫొటో అన్ని గ్రూపుల్లోకీ వెళ్లిపోతుంది. ఈ రోజే ఆ ట్రంకు మీద ఒక దుప్పటి కప్పండి.

మసక చేసే టూల్స్ ఉన్నాయి గానీ, వాటికంటే కత్తిరించడమే నయం. పెన్నుతో పలచగా గీసిన గీత వెనక అక్షరాలు ఒక్కోసారి కనపడుతూనే ఉంటాయి. కత్తిరిస్తే ఫొటోలో ఏమీ మిగలడం లేదంటే, అది పెట్టదగిన ఫొటో కాదన్నమాట.

5. టైము చూసి పెట్టండి

ఫౌజు ఇళ్లలో 56 ఏపీఓ, 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అన్న అడ్రసులు తెలియనివాళ్లుండరు. కొడుకు ఏ కొండ మీదున్నా ఇంట్లోంచి రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు, ఏపీఓ నంబరే ఉంటుంది. జవాను ఎక్కడున్నాడో కవరు మీద కూడా తెలియకూడదని అంత జాగ్రత్త తీసుకున్నారు. ఇవాళ అదే ఇంట్లోంచి "మా తమ్ముడు ఈ రోజు రాత్రి ఫలానా రైల్లో డ్యూటీకి బయల్దేరుతున్నాడు, ఆశీర్వదించండి" అని స్టేషన్ బోర్డు కింద దిగిన ఫొటో స్టేటస్‌లో పెడుతున్నారు. ప్రేమతోనే పెడుతున్నారు, నాకు తెలుసు. దయచేసి ఆపండి.

ఎప్పుడూ ఆ చోటు వదిలేశాకే పెట్టండి. ప్రయాణం ఫొటోలు ప్రయాణం అయ్యాక, అదీ ఊరి పేరు లేకుండా. టికెట్టు, పీఎన్ఆర్, లీవు సర్టిఫికెట్ ఎప్పటికీ వద్దు. లైవ్ వీడియో అసలే వద్దు.

ఊళ్లో కుర్రాళ్లకి కూడా చెప్పండి: మిలిటరీ కాన్వాయ్ వెళ్తున్నా, ట్యాంకులు ఎక్కించిన రైలు స్టేషన్లో ఆగినా చేతులూపండి, జై హింద్ అనండి, వీడియో మాత్రం తీయకండి. 2008లో ముంబై దాడులప్పుడు టీవీల్లో వచ్చిన ప్రత్యక్ష ప్రసారాలు చూస్తూనే అవతలి నుంచి ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార, ప్రసార శాఖ రక్షణ ఆపరేషన్లను, బలగాల కదలికలను లైవ్‌లో చూపించొద్దని మీడియాకూ సోషల్ మీడియా వాడేవాళ్లకూ సూచన ఇచ్చింది.

6. మాట, తీరు

యూనిఫాంలో ఉన్న మనిషి ఏం చేసినా జనం ఆ మనిషిని కాదు, ఫౌజును చూస్తారు. సినిమా పాటకు యూనిఫాంలో స్టెప్పులు, చేతిలో గ్లాసుతో ఫొటో, తుపాకీ ఊపుతూ డైలాగు, ఇవి పదిమందికి సరదాగా ఉండొచ్చు. అదే యూనిఫాంలో ప్రాణం ఇచ్చినవాళ్ల ఇళ్లు మన పక్కనే ఉన్నాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు ఊరు సూర్యాపేట. ఆ ఇంట్లోవాళ్లు చూస్తే ఏమనుకుంటారు అని ఒక్కసారి ఆలోచించి పెట్టండి.

రాజకీయాలు, కులం, మతం గురించి పోస్టు వద్దు, షేరు వద్దు, లైకు కూడా వద్దు. లైకు కొట్టినా మీ పేరుతో సహా స్క్రీన్‌షాట్ తీస్తారు.

కష్టం ఉంటే? తిండి బాగాలేదు, లీవు ఇవ్వలేదు, అన్యాయం జరిగింది. ఇవి నిజమైన బాధలే, దాచుకొమ్మని నేను చెప్పను. కానీ వీడియో దారి కాదు. 2017 జనవరిలో ఒక బీఎస్ఎఫ్ జవాను భోజనం గురించి పెట్టిన వీడియో దేశమంతా చూసింది, విచారణ తర్వాత ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. యూనిట్‌లో దర్బార్ (కమాండింగ్ ఆఫీసర్ జవాన్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడే సభ) ఉంది, కంపెనీ కమాండర్ ఇంటర్వ్యూ ఉంది, ఆర్మీ యాక్ట్ 26వ సెక్షన్ కింద జవాన్లకు ఫిర్యాదు హక్కు ఉంది. ఏ తేదీన ఎవరికి చెప్పారో రాసి పెట్టుకుని ఆ దారిలో వెళ్లండి. మీ తరపున భార్య గానీ తమ్ముడు గానీ వీడియో పెట్టినా చివరికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

మరి ఏం పెట్టొచ్చు? చాలా ఉన్నాయి. మామూలు బట్టల్లో కుటుంబంతో, పొలంలో, పండగకు. తాతగారి కాలం నాటి మెడల్, దాని కథ. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్ల చరిత్ర రాయండి. రిటైరైనవాళ్లు భర్తీకి తయారయ్యే పిల్లలకు 1.6 కిలోమీటర్ల పరుగు ఎలా సాధన చేయాలో, మెడికల్‌కి ఎలా సిద్ధం కావాలో చెప్పండి. దేశానికి అది ఏ రీలు కంటే ఎక్కువ మేలు. సైన్యం అధికారిక పేజీలో వచ్చిన ఫొటో షేర్ చేసుకోవడానికి రూలు ఒప్పుకుంటే, అన్నిటికంటే క్షేమం అదే. అయితే "ఇందులో మూడోవాణ్ణి నేనే" అని రాయకండి. కసమ్ పరేడ్‌కి (ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేసే పరేడ్) వెళ్లిన అమ్మానాన్నలు ఫొటో ఎక్కడ తీయనిస్తారో అక్కడే తీసుకోండి, ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకోండి.

7. తెలియని రిక్వెస్టు వస్తే

2019 డిసెంబరులో విశాఖపట్నం కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని దానికి పేరు. సోషల్ మీడియాలో అమ్మాయిల పేరుతో పరిచయమై, ఓడల కదలికల సమాచారం రాబట్టి పాకిస్తాన్‌కు చేరవేయించుకున్నారన్నది ఆరోపణ. తర్వాత కేసు ఎన్ఐఏకి (జాతీయ దర్యాప్తు సంస్థ) వెళ్లింది. రక్షణ పనులకు సంబంధించిన గూఢచర్యానికి 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద 14 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు.

అటువైపు వాళ్లు మొదటి రోజే రహస్యాలు అడగరు. మీ బ్యాచ్‌మేట్ ఫ్రెండ్స్ లిస్టులో అప్పటికే ఉంటారు, కాబట్టి తెలిసినవాళ్లే అనిపిస్తుంది. మిలిటరీ నర్సునంటారు, ఫౌజీ కూతుర్నంటారు. "అక్కడ చలి ఎలా ఉంది?" అని మొదలవుతుంది. తర్వాత "ఎన్ని రోజులుంటారు అక్కడ?", ఆ తర్వాత వీడియో కాల్, రికార్డింగ్, లేదా ఫలానా యాప్ వేసుకో అని ఒక లింకు.

చేయాల్సింది:
- తెలియనివాళ్లను తీసుకోవద్దు. మ్యూచువల్ ఫ్రెండ్స్ ఎంతమంది ఉన్నా సరే. ఆ మ్యూచువల్ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి "ఈమె నీకు నిజంగా తెలుసా?" అని అడగండి.
- ప్రొఫైల్ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. వేరే పేరుతో దొరికితే అయిపోయినట్టే.
- లింకు పంపినా, యాప్ వేసుకోమన్నా, తెలియని వీడియో కాల్ వచ్చినా ఎత్తకుండా బ్లాక్ చేయండి.
- ఇప్పటికే ఇరుక్కుని, వీడియో చూపించి బెదిరిస్తుంటే డబ్బు పంపకండి, సమాచారం అసలే ఇవ్వకండి. ఆ రోజే మీ అధికారికి చెప్పండి. పరువు పోతుందని ఆగినకొద్దీ ఉచ్చు బిగుస్తుంది.

8. మీ ఫొటోతో వేరేవాడు మోసం చేయకుండా

"ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి చవగ్గా ఇచ్చేస్తాను" అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. నమ్మించడానికి ఒక జవాను యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు పంపుతారు. తర్వాత క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటారు. జనానికి ఫౌజు మీదున్న నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టుకున్న మోసం ఇది. ఆ కార్డుల ఫొటోలు ఎక్కడో ఒకచోట మనవాళ్లే పెట్టినవి. ఐడీ, క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఏ గ్రూపులోనూ పెట్టకండి. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే ఏ పనికోసం, ఏ తేదీన ఇచ్చారో దాని మీదే అడ్డంగా రాసి ఇవ్వండి.

మీ పేరుతో దొంగ అకౌంట్ కనపడితే ముందు స్క్రీన్‌షాట్, లింకు దాచుకోండి, ఆ తర్వాత రిపోర్టు కొట్టండి. చాలామంది ముందు రిపోర్టు కొట్టేసి, ఫిర్యాదుకి వెళ్లేసరికి ఆధారం లేక ఖాళీ చేతులతో నిలబడతారు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. యూనిట్‌లో కూడా చెప్పండి.

9. ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి

అమ్మకు, నాన్నకు, భార్యకు, బావమరిదికి అందరికీ ఒకేసారి చెప్పండి. తిట్టినట్టు కాకుండా, ఎందుకో చెప్పండి. "ఎక్కడున్నాడమ్మా మీవాడు?" అని ఎవరైనా ఆన్‌లైన్‌లో అడిగితే "డ్యూటీలో ఉన్నాడు, బాగున్నాడు" అంటే చాలని నేర్పండి.

ఊళ్లో ఫ్లెక్సీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సంక్రాంతికి, లీవుకొచ్చినప్పుడు స్నేహితులు ప్రేమగా కట్టిస్తారు. అందులో ఫొటో, రెజిమెంటు, పోస్టింగ్ చోటు అన్నీ ఉంటాయి. ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి గ్రూపుల్లో పెడతారు. డిజైన్ ప్రెస్సుకు వెళ్లకముందే మీరు చూడండి. పేరు, ఊరు ఉంటే చాలు. రిటైరై వచ్చినప్పుడు ఊరేగింపు చేస్తే ఆనందంగా వీడియో తీసుకోండి, కానీ లోకల్ చానల్ వాళ్లు మైకు పెట్టి "బోర్డర్లో ఎలా ఉండేది సార్" అంటే ఆపరేషన్ల జోలికి వెళ్లకండి. పైన చెప్పిన అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్లకూ ఉంది.

సరిహద్దులో ఏదైనా ఘటన జరిగిన రోజు మాత్రం చాలా కఠినంగా ఉండండి. సైన్యం ప్రకటించకముందే పేరు, ఫొటో పెట్టకూడదు. తమ బిడ్డ సంగతి ఒక తల్లి స్టేటస్‌లో చూసి తెలుసుకునే గతి పట్టకూడదు. వచ్చిన వీడియో నిజమో కాదో పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ఫ్యాక్ట్ చెక్‌లో చూసి, తేలకపోతే ముందుకు పంపకండి.

అంతా అయ్యాక పరీక్ష

మీ లిస్టులో లేని ఆ మనిషి ఫోన్ తీసుకోండి. మీ పేరు, మీ ఊరి పేరు, ఆర్మీ అన్న మాట కలిపి గూగుల్‌లో, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకమనండి. తర్వాత మీ భార్య పేరుతో, తమ్ముడి పేరుతో. పక్కన కూర్చుని మీరేమీ చెప్పకండి. మీ యూనిట్ పేరు, ఇప్పుడు మీరున్న చోటు, మళ్లీ లీవుకు ఎప్పుడొస్తారు, ఈ మూడింటిలో ఒక్కటి దొరికినా ఎక్కడ దొరికిందో చూసి, ఆ పోస్టు తీయించండి. ప్రతి లీవులోనూ ఒకసారి ఇలా చేయండి.

పెట్టకూడనిది ఇప్పటికే పెట్టేసి ఉంటే? తీసెయ్యండి, గ్రూపుల్లోనూ అందరికీ డిలీట్ అయ్యేలా చేయండి, ఫార్వర్డ్ చేసినవాళ్లకు ఫోన్ చేసి తీయించండి. అందులో చోటు గానీ, ఆయుధం గానీ, కదలిక గానీ ఉంటే డిలీట్‌తో వదిలేయకుండా మీ జేసీఓకి మీరే ముందుగా చెప్పండి. వేరేవాళ్లు స్క్రీన్‌షాట్ పట్టుకుని వెళ్లాక చెప్పే మాటకూ, అంతకుముందే మీరు వెళ్లి చెప్పే మాటకూ యూనిట్‌లో విలువ చాలా తేడాగా ఉంటుంది.